నిటారు కప్పు ఇంట్లో కట్టెల స్టవ్: ముందు పైన చోటు తేల్చండి, తర్వాత కింద

కట్టెల స్టవ్ పెట్టుకుందామనుకున్నవాళ్లు మొదట చేసే పని హాల్లో నిలబడి ఖాళీ మూల వెతకడం. కప్పు వాలు తక్కువగా ఉన్న ఇంట్లో అలా వెతికినా పెద్దగా నష్టం లేదు. వెర్మాంట్, మెయిన్, న్యూ హాంప్‌షైర్, మిషిగన్ ఉత్తర భాగం లాంటి మంచు ప్రాంతాల్లోని నిటారు కప్పు ఇళ్లలో మాత్రం ఆ మూల మీకు పది పన్నెండు అడుగుల చిమ్నీ ఖర్చునీ, ఏటా దాన్ని మంచు నుంచి కాపాడుకునే తిప్పల్నీ తెచ్చిపెడుతుంది. ఇలాంటి ఇంట్లో పని పైనుంచి కిందికి జరగాలి. చిమ్నీ కప్పులోంచి ఎక్కడ బయటికి రావాలో ముందు తేల్చుకోండి. స్టవ్ దాని కిందికి వస్తుంది.

ఆ ప్రాంతాల్లో ఇల్లో, వారాంతాలకు ఒక క్యాబినో కొనుక్కున్న తెలుగువాళ్ల కోసం ఇది రాస్తున్నాను. గ్యాస్ ఫర్నేసు ఉండగా స్టవ్ ఎందుకంటారా? ఆ ఫర్నేసు ఫ్యాను తిరగడానికి కూడా కరెంటు కావాలి. 1998 జనవరిలో కురిసిన గడ్డకట్టే వానకు మెయిన్‌లోనూ, సరిహద్దు అవతల క్యూబెక్‌లోనూ తీగలు తెగిపోయి, కొన్నిచోట్ల వారాల తరబడి కరెంటు లేదు. కట్టెల స్టవ్ ఉన్న ఇళ్లవాళ్లు ఇల్లు వదలాల్సిన పనిలేకుండా గడిపారు.

రెండు మాటలు ముందే తేల్చుకుందాం. గదిలో కనిపించే నల్లటి గొట్టాన్ని స్టవ్‌పైపు అంటాను. సీలింగ్ దగ్గర మొదలై అటక, కప్పు దాటి పైకి పోయే ఇన్సులేషన్ ఉన్న స్టీలు గొట్టాన్ని చిమ్నీ అంటాను. షాపుల్లో దీన్ని క్లాస్ ఏ చిమ్నీ అని అడగాలి. స్టవ్‌పైపును సీలింగ్‌లోంచిగానీ, అటకలోంచిగానీ, గోడలోంచిగానీ పోనివ్వకూడదు. ఇళ్లు కాలిపోయే దారుల్లో ఇదొకటి.

మొదటి పని: వాలు కొలవడం

అమెరికాలో కప్పు వాలును 12 అంగుళాల లెక్కలో చెబుతారు. అడ్డంగా 12 అంగుళాలు వెళ్లేసరికి కప్పు 4 అంగుళాలు లేస్తే 4/12, 12 అంగుళాలు లేస్తే 12/12. ఈ రెండోది సరిగ్గా 45 డిగ్రీలు. అటకలోకి వెళ్లండి. రసమట్టం ఒక కొసను వాసం అడుగుకు ఆనించి, మట్టం సరిచూసి, ఆ కొస నుంచి 12 అంగుళాల దగ్గర గుర్తు పెట్టి, అక్కడి నుంచి నిలువుగా వాసం దాకా టేపుతో కొలవండి. వచ్చిన అంగుళాలే మీ వాలు. ఫోన్‌లోని మట్టం యాప్ వాసానికి ఆనించినా డిగ్రీలు చెబుతుంది గానీ, టేపు కొలతే నమ్మకం.

కొలిచాక గళ్ల కాగితం మీద ఇంటిని నిలువుగా కోసినట్టు బొమ్మ గీయండి: కింది అంతస్తు, పై గదులు, అటక, రెండు వాలులు, అవి పైన కలిసే నడిమి కొప్పు. ఒక గడికి ఒక అడుగు చాలు. ఇక్కడి నుంచి నిర్ణయాలన్నీ ఈ బొమ్మ మీదే జరుగుతాయి.

రెండో పని: 3-2-10 లెక్క

అమెరికా అగ్నిరక్షణ ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 211లోనూ, నివాస గృహాల కోడ్‌లోనూ ఉన్న నియమం ఇది. చిమ్నీ కప్పును దాటిన చోట నుంచి కనీసం 3 అడుగుల ఎత్తుండాలి. అడ్డంగా 10 అడుగుల లోపు ఇంటి ఏ భాగం ఉన్నా దానికన్నా కనీసం 2 అడుగులు పైన ఉండాలి. రెండిట్లో ఏది ఎక్కువైతే అది.

వాలు తక్కువున్న కప్పుకు మొదటి షరతుతోనే దాదాపు సరిపోతుంది. నిటారు కప్పుకు రెండోది మీద పడుతుంది. మీ ఇల్లు 24 అడుగుల వెడల్పు, వాలు 12/12 అనుకోండి. కొప్పు రెండు గోడలకూ 12 అడుగుల దూరంలో ఉంటుంది. హాలు మూలలో, గోడకు 3 అడుగుల ఇవతల స్టవ్ పెట్టారు. చిమ్నీ నిలువుగా పైకి పోతే కొప్పుకు 9 అడుగుల దూరంలో కప్పును దాటుతుంది. 45 డిగ్రీల వాలు కాబట్టి కొప్పు అక్కడికన్నా 9 అడుగులు ఎత్తు. దానికి 2 కలిపితే 11 అడుగుల చిమ్నీ ఆకాశంలో నిలబడాలి. ఇదే స్టవ్‌ను కొప్పుకు ఒకటిన్నర అడుగు దూరంలో బయటికి వచ్చేలా జరిపితే కావలసింది మూడున్నర అడుగులే.

లెక్క సులువే. కొప్పు దాకా అడ్డంగా ఉన్న దూరాన్ని వాలుతో హెచ్చించి 2 అడుగులు కలపండి. కొప్పు 10 అడుగులకన్నా దూరంగా ఉంటే 10 అడుగులే తీసుకోండి. పై ఉదాహరణలో వాలు 8/12 అయితే 9 అడుగుల దూరానికి 6 అడుగుల ఎత్తు తేడా, 2 కలిపితే 8. వాలు 4/12 అయితే 3కు 2 కలిపి 5. ఒకే మూల, ఒకే స్టవ్. కప్పు మారితే చిమ్నీ రెండింతలు దాటుతోంది.

కప్పే గోడగా నేల దాకా దిగే ఏ-ఫ్రేమ్ క్యాబిన్‌లలో వాలు 60 డిగ్రీలు ఉండటం మామూలే. అక్కడ కొప్పుకు 3 అడుగులు పక్కకు జరిగినా 5.2 అడుగుల ఎత్తు తేడా వస్తుంది, చిమ్నీ 7 అడుగులు దాటుతుంది. 6 అడుగులు జరిగితే 12 దాటుతుంది. ఏ-ఫ్రేమ్‌లో కొప్పు కింద తప్ప ఇంకో చోటు గురించి ఆలోచించడం దండగ.

పొడుగు చిమ్నీకి డబ్బు ఒక్కటే బాధ కాదు. కప్పు పైన 5 అడుగులు దాటితే సాధారణంగా ఇనుప ఊతకర్రలు బిగించాలి. బయటి గొట్టమంతా చలికి తగులుతుంది కాబట్టి పొగ చల్లబడి, తారులాంటి క్రియోసోట్ లోపల పేరుకుంటుంది. మంటలు అంటుకునేది దానికే. ఇవన్నీ పక్కనపెట్టినా మంచు ఉంది. నిటారు కప్పు మీద, అందులోనూ రేకు కప్పు మీద, మంచు కరగదు, ఒక్కసారిగా జారుతుంది. చూరు దగ్గర నిలబడ్డ చిమ్నీ మీద పైన పేరుకున్నదంతా వచ్చి పడుతుంది. చిమ్నీని వంచేస్తుంది, లేదా విరిచి కింద పారేస్తుంది. కొప్పు పక్కనున్న చిమ్నీకి పైన జారేంత మంచే ఉండదు.

అలాగని సరిగ్గా కొప్పు మీదే రంధ్రం పెట్టకండి. అక్కడ వెన్నుదూలం ఉంటుంది, దాన్ని కోయకూడదు. చిమ్నీ చుట్టూ కప్పుకు బిగించే రేకును ఫ్లాషింగ్ అంటారు, రెండు వాలుల మీద కూర్చునే ఫ్లాషింగ్‌ను నీళ్లు కారకుండా పెట్టడం కూడా కష్టం. కొప్పు నుంచి అడుగున్నర, రెండు అడుగులు పక్కకు దిగి, రెండు వాసాల మధ్య చోటు ఎంచుకోవడం నా లెక్కలో అన్నిటికన్నా మంచిది.

ఇందులో కొత్త సంగతేమీ లేదు. పదిహేడో శతాబ్దంలో న్యూ ఇంగ్లాండ్‌లో స్థిరపడ్డవాళ్లు కేప్ కాడ్ ఇళ్లకు నట్టనడుమ పెద్ద ఇటుక చిమ్నీ కట్టి, దాని చుట్టూ గదులు పేర్చుకున్నారు. అదే కాలంలో వేడిగా ఉండే వర్జీనియా వైపు చిమ్నీలను ఇంటి కొసల్లో, గోడ బయట కట్టారు. చలి ఊళ్లవాళ్లు వేడిని ఇంట్లో దాచుకున్నారు, ఎండ ఊళ్లవాళ్లు బయటికి నెట్టారు. మీ పాత ఇంట్లో ఆ నడిమి చిమ్నీ ఇంకా ఉంటే అదృష్టమే. చిమ్నీ నిపుణుడి చేత కెమెరాతో లోపల చూపించి, స్టవ్‌కు సరిపడే కొలత స్టెయిన్‌లెస్ లైనర్, అంటే లోపలి గొట్టం, దింపించుకోండి. పైకప్పు కోయాల్సిన పనే ఉండదు.

మూడో పని: చోటును కిందికి దింపడం

అటకలో ఎంచుకున్న చోట నుంచి తాపీమేస్త్రులు వాడే గుండులాంటిది దారంతో వేలాడదీయండి. అది అటక నేలను తాకిన చోట సన్నటి రంధ్రం చేసి, కింది గది సీలింగ్‌లో ఎక్కడ తేలిందో చూడండి. అక్కడి నుంచి మళ్లీ గుండు. ఇలా కింది అంతస్తు దాకా రండి. దారిలో దూలాలు, కరెంటు తీగలు, నీళ్ల గొట్టాలు ఏవి అడ్డొస్తున్నాయో బొమ్మ మీద రాసుకోండి.

పై అంతస్తులో ఆ గీత పిల్లల గది నడుమ పడితే ఎవరూ ఒప్పుకోరు. అల్మరా మూల, మెట్ల పక్కన, బాత్‌రూమ్ గోడ వెనక లాంటి చోట్లకు కొప్పు పొడుగునా ముందుకో వెనక్కో జరపండి. అడ్డంగా జరిపితే చిమ్నీ పొడుగు పెరుగుతుంది, కొప్పు వెంట జరిపితే ఒక్క అంగుళం కూడా పెరగదు. ఈ ఒక్క స్వేచ్ఛను బాగా వాడుకోండి.

ఇంట్లో పెద్దవాళ్లు వాస్తు అడిగితే కూడా ఇదే ఉపయోగపడుతుంది. అగ్ని ఆగ్నేయంలో ఉండాలి, ఇంటి నడుమ బ్రహ్మస్థానంలో ఉండకూడదు అంటారు. మూల ఆగ్నేయంలోకి స్టవ్‌ను తోస్తే పైన చెప్పిన 11 అడుగుల చిమ్నీ వచ్చి పడుతుంది. కొప్పు తూర్పు పడమరలుగా ఉన్న ఇల్లయితే, కొప్పు కిందే తూర్పు కొస వైపు జరిపి, దక్షిణపు వాలు మీద రంధ్రం పెట్టించండి. నడిమి చోటు తప్పుతుంది, దిక్కు ఆగ్నేయం వైపు మొగ్గుతుంది, చిమ్నీ పొట్టిగానే ఉంటుంది. సిద్ధాంతిగారు ఇంకా మూలకు తోయమంటే ఊతకర్రల ఖర్చు ఆయనకు చూపించండి.

గుండు దించిన చోటికీ, స్టవ్ పెట్టదలచిన చోటికీ అడుగున్నర తేడా వస్తే సర్దుకోవచ్చు. 45 డిగ్రీల మోచేతులు (వంపు ముక్కలు) రెండు, మధ్యలో 2 అడుగుల ముక్క వేస్తే ఆ ముక్కే సుమారు 17 అంగుళాలు పక్కకు తెస్తుంది. 90 డిగ్రీల మలుపులు మాత్రం వద్దు. పొగ అక్కడ ఆగుతుంది, మసి అక్కడే చేరుతుంది. చిమ్నీని కూడా అటకలో 30 డిగ్రీల ముక్కలతో మళ్లించవచ్చు, కానీ మలుపు పైన బరువు మోసే ఆధారం అదనంగా పెట్టాలి. వీలైతే నిలువుగానే పోనివ్వండి.

ఇంటి ఆకారం గురించి ఒక హెచ్చరిక. చలికాలంలో ఇల్లు మొత్తం ఒక పొగగొట్టంలా పనిచేస్తుంది: వేడి గాలి పైకి లేచి అటక సందుల్లోంచి బయటికి పోతుంది, కింద నుంచి చల్లగాలిని లోపలికి లాగుతుంది. రెండంతస్తుల ఇంటికి పక్కన అతికించిన ఒంటి అంతస్తు గదిలో స్టవ్ పెట్టి, ఆ గది కప్పు మీద పొట్టి చిమ్నీ నిలబెడితే, ఇల్లే చిమ్నీకన్నా గట్టిగా లాగుతుంది. నిప్పు లేనప్పుడు చల్లగాలి చిమ్నీలోంచి కిందికి దిగుతుంది, అగ్గి రాజేయగానే పొగ గదిలోకి వస్తుంది. నియమం ప్రకారం ఎత్తు సరిగ్గా ఉన్నా ఇలా జరుగుతుంది. ఇంటి ఎత్తైన భాగంలో, లోపలి నుంచి పోయే చిమ్నీకి ఈ బాధ తక్కువ.

గోడకు రంధ్రం పెట్టి బయటి నుంచి చిమ్నీ ఎక్కించమని కొందరు అమర్చేవాళ్లు సలహా ఇస్తారు. కప్పు కోయక్కర్లేదు, ఒక్క రోజులో పని అయిపోతుంది. చూరు వైపు గోడకైతే ఆ సలహా వినకండి. చలికి చల్లబడే చిమ్నీ, దారిలో అడ్డ మలుపు, చూరు దాటాక కొప్పు లెక్క, మంచు దెబ్బ, అన్నీ ఒకేసారి వస్తాయి. త్రికోణంగా ఉండే కొస గోడ బయట, కొప్పు గీతకు దగ్గరగా అయితే కొంత నయం. అక్కడ కూడా చెక్క పెట్టెలాంటి గూడు కట్టి, దానికి లోపల ఇన్సులేషన్ వేయించి చిమ్నీని చలి నుంచి మూయాలి. ఆ ఇన్సులేషన్ గూడు గోడలకే, చిమ్నీకి తగలకూడదు.

నాలుగో పని: స్టవ్ చుట్టూ ఖాళీ

అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ ధ్రువీకరణ ఉన్న కొత్త స్టవ్‌లకు వెనక ఒక రేకు పలక ఉంటుంది. గోడకు, మూలకు, పక్కలకు ఎంత దూరం ఉండాలో దాని మీద అచ్చయి ఉంటుంది. అదే శాసనం. 2020 మే నుంచి అమెరికాలో అమ్మే కొత్త స్టవ్‌లు గంటకు 2 గ్రాములకు మించి పొగ నుసి వదలకూడదు, మామూలు కట్టెలతో పరీక్షిస్తే 2.5. పాత స్టవ్‌లు చవగ్గా దొరుకుతాయి గానీ పలకా, పుస్తకమూ లేని స్టవ్‌కు అన్ని వైపులా 36 అంగుళాలు వదలాలి. చిన్న ఇంట్లో అది గదిలో సగం తినేస్తుంది.

ఆ దూరాన్ని తగ్గించుకోవడానికి రేకు కవచం వాడవచ్చు. గోడకు అంగుళం దూరంలో నిలబెట్టి, వెనక గాలి తిరిగేలా కిందా పైనా తెరిచి ఉంచితే 36 అంగుళాలు 12 దాకా దిగుతుంది. గోడకు నేరుగా అతికించిన టైల్సో రాతిపలకలో మాత్రం కవచం కిందికి రావు. రాయి కాలదు, నిజమే. దాని వెనకున్న చెక్కకు వేడి చేరుతుంది, ఏళ్ల తరబడి చేరి చివరికి తక్కువ వేడికే అంటుకునేలా దాన్ని ఎండబెడుతుంది.

నిటారు కప్పు ఇళ్లలో చాలామంది మరచిపోయే కొలత ఒకటుంది. పై అంతస్తులోనో, ఏ-ఫ్రేమ్‌లోనో గోడ లోపలికి వాలుతుంది. స్టవ్ దగ్గర 4 అడుగుల ఖాళీ కనిపించినా, స్టవ్‌పైపు పైకి వెళ్లేకొద్దీ వాలు సీలింగ్ దగ్గరికి వస్తుంది. ఒంటిపొర స్టవ్‌పైపుకు చెక్క నుంచి 18 అంగుళాలు వదలాలి. రెండు పొరల పైపుకు కంపెనీ చెప్పినంత, చాలావాటికి 6 అంగుళాలు. ఈ దూరాన్ని అడ్డంగా కొలవకండి. వాలుకు అతి దగ్గరగా ఉన్న చోట, వాలుకు లంబంగా కొలవండి. ఎత్తైన వాలు సీలింగ్ ఉన్న గదిలో ఎలాగూ రెండు పొరల పైపే వేయించండి. ఒంటిపొర పైపు 8 అడుగులు దాటితే పొగ సీలింగ్ చేరేలోపే చల్లబడిపోతుంది.

నేల మీద నిప్పురవ్వలు పడే చోట కాలని పలక ఉండాలి. తలుపు ముందు 16 అంగుళాలు, పక్కల 8 అంగుళాలు అమెరికాలో మామూలు. కెనడాలో ముందువైపు 18. కొన్ని స్టవ్‌లు కింద ఇన్సులేషన్ కూడా అడుగుతాయి, పుస్తకం చూడండి.

ఐదో పని: కోయడానికి ముందు కాగితాలు

ఊరి బిల్డింగ్ శాఖలో పర్మిట్ తీసుకోండి, ఇంటి బీమా కంపెనీకి ముందే చెప్పండి. రెండూ ఆలస్యం చేస్తే ఒకరోజు ఇల్లు అమ్మేటప్పుడో, అంతకన్నా చెడ్డ రోజునో గుర్తొస్తాయి. కెనడాలో బీమావాళ్లు వెట్ (కట్టెల స్టవ్ పనివాళ్లకు శిక్షణ, ధ్రువీకరణ ఇచ్చే సంస్థ) తనిఖీ పత్రం అడుగుతారు. బ్రిటన్, జర్మనీల్లో చిమ్నీ ఎత్తు నియమాలు వేరు. అక్కడ ఉన్నవాళ్లు 3-2-10ను పట్టుకుని పని మొదలుపెట్టకండి.

కప్పు మీది పని నేనైతే స్వయంగా చేయమనను. 45 డిగ్రీల వాలు మీద తాడు కట్టుకుని పనిచేయడం నేర్చినవాళ్ల పని. కింది వివరాలు వాళ్లు చేసింది సరిగ్గా ఉందో లేదో మీరు చూసుకోవడానికి.

ఆరో పని: చిమ్నీ దారి

చిమ్నీ మీద యూఎల్ 103 హెచ్‌టీ అని ఉండాలి. లోపల క్రియోసోట్ అంటుకుంటే వచ్చే 2100 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడికి పరీక్షించిన రకం అది. ఒకే కంపెనీ ముక్కలే అన్నీ వాడాలి, ఒకదాని పైన ఇంకొకరిది బిగించకూడదు.

ఇప్పటి స్టవ్‌లలో చాలావాటికి 6 అంగుళాల గొట్టం. ఇన్సులేషన్ రెండు అంగుళాలుంటే బయటి వ్యాసం 10 అంగుళాలవుతుంది. చుట్టూ చెక్కకు 2 అంగుళాల ఖాళీ గాలి ఉండాలి కాబట్టి 14 అంగుళాల దారి కావాలి. వాసాలు 16 అంగుళాలకు ఒకటి ఉంటే వాటి మధ్య ఖాళీ పద్నాలుగున్నర. అంటే వాసం కోయకుండానే పోతుంది. అయితే 45 డిగ్రీల కప్పులో ఆ రంధ్రం గుండ్రంగానో, చదరంగానో ఉండదు. వాలు వెంట కొలిస్తే 14 అంగుళాలు దాదాపు 20 అవుతుంది. వెడల్పు 14, పొడుగు 20.

ఆ రెండు అంగుళాల ఖాళీలో ఏమీ నింపకూడదు. అటకలో ఇన్సులేషన్ దూది చిమ్నీకి తగలకుండా రేకు కవచం పెట్టారో లేదో మీరే పైకెళ్లి చూడండి. ప్రతి అంతస్తు దాటే చోటా మంట ఆపే రేకు ఉండాలి. పై గదుల్లోంచి పోయే చిమ్నీకి నేల నుంచి సీలింగ్ దాకా గోడలు కట్టి మూసేయాలి. అక్కడా లోపల 2 అంగుళాల ఖాళీ ఉండాల్సిందే. ఆ గూడులో బట్టలు, అట్టపెట్టెలు పెట్టుకునేలా తలుపు అడిగేవాళ్లున్నారు. ఒప్పుకోకండి.

గది సీలింగే నేరుగా కప్పు అయితే, చిమ్నీ బరువు మోసేది ఒక నల్ల రేకు పెట్టె. వాలు దిగువ వైపు కూడా అది సీలింగ్ కన్నా కనీసం 2 అంగుళాలు కిందికి కనపడాలి, కంపెనీ ఎక్కువ అడిగితే అంత. నిటారు వాలుకు మామూలు పొట్టి పెట్టె ఈ షరతు తీర్చదు. పొడుగు పెట్టె కావాలని ఆర్డర్‌లోనే చెప్పండి. ఫ్లాషింగ్ కూడా అంతే: 6/12 దాకా ఒక కొలత, 6/12 నుంచి 12/12 దాకా ఇంకొకటి, అంతకు మించితే వేరేది. మీరు కొలిచిన వాలు ఇక్కడ మళ్లీ పనికొస్తుంది.

ఫ్లాషింగ్ పై అంచు, పక్క అంచులు షింగిల్స్ (కప్పు పలకలు) కిందికి పోవాలి, కింది అంచు షింగిల్స్ మీదికి రావాలి. పైనుంచి జారే నీళ్లు ఎక్కడా ఎదురు అంచును తాకకూడదు. దాని పైన వాన పట్టీ బిగించి, పట్టీకీ చిమ్నీకీ మధ్య సీలెంట్ రాస్తారు. ఫ్లాషింగ్ మెడ దగ్గర గాలి ఆడే సందులు ఉంటే వాటిని మాత్రం మూయకూడదు. చిమ్నీ కొప్పుకు 3 అడుగులకన్నా కిందికి దిగాల్సి వస్తే, మంచును రెండుగా చీల్చే త్రికోణపు అడ్డును పై వైపు కట్టించండి. రేకు కప్పుకైతే ఆ దూరంతో పనిలేకుండా కట్టించండి.

కింద స్టవ్‌పైపు బిగించేటప్పుడు ముడతల కొస స్టవ్ వైపు, అంటే కిందికి ఉండాలి. లోపల కారిన క్రియోసోట్ పైపు లోపలే దిగి స్టవ్‌లో కాలిపోతుంది. తిరగేసి పెడితే అతుకుల్లోంచి నల్లటి చారలు గదిలోకి కారతాయి. ప్రతి అతుకుకూ మూడు స్క్రూలు. స్టవ్ నుంచి చిమ్నీ పైకొస టోపీ దాకా మొత్తం ఎత్తు 15 అడుగులకు తగ్గకుండా చూసుకోండి.

ఏడో పని: అగరుబత్తి పరీక్ష

తెలుగువాళ్ల వంటింటికి ప్రత్యేకంగా వర్తించేది ఇదే. తాలింపు ఘాటు పోవడానికి మనం పెట్టుకునే వెంట్ హుడ్‌లు నిమిషానికి 600, 900 ఘనపుటడుగుల గాలిని బయటికి తోస్తాయి. ఆ గాలి ఎక్కడి నుంచో లోపలికి రావాలి. కొత్త ఇళ్లు సందులు లేకుండా కడతారు కాబట్టి దానికి దొరికే సులువైన దారి చిమ్నీయే. మీరు పోపు వేస్తుంటే హాల్లో స్టవ్ పొగను వెనక్కి కక్కుతుంది, దానితో పాటు వాసన లేని కార్బన్ మోనాక్సైడ్‌నూ. 400 దాటిన హుడ్‌లకు బయటి గాలి తెచ్చే ఏర్పాటు ఉండాలని అమెరికా గృహాల కోడ్ చెప్పేది ఇందుకే.

స్టవ్ అమర్చాక, నిప్పు వేయకముందే ఇలా చేయండి. కిటికీలన్నీ మూసి, హుడ్, బాత్‌రూమ్ ఫ్యాన్లు, బట్టలారబెట్టే మిషన్ ఒకేసారి నడపండి. స్టవ్ తలుపు కొద్దిగా తెరిచి, ఆ సందు దగ్గర వెలిగించిన అగరుబత్తి పట్టుకోండి. పొగ స్టవ్ లోపలికి పోతే నిశ్చింత. మీ ముఖం మీదికి వస్తే, హుడ్‌కు గాలి దారి వేయించేదాకా, కనీసం ఆ సమయంలో దగ్గరి కిటికీ రెండు అంగుళాలు తెరిచి పెట్టేదాకా, స్టవ్ వెలిగించకండి. స్టవ్‌కు నేరుగా బయటి గాలి తెచ్చే గొట్టం కూడా అమర్చుకోవచ్చు. దాని నోరు స్టవ్ కన్నా ఎత్తులో ఉండకూడదు, లేకపోతే అదే చిమ్నీగా మారుతుంది. కార్బన్ మోనాక్సైడ్ అలారం స్టవ్ ఉన్న అంతస్తులో ఒకటి, పడకగదుల దగ్గర ఒకటి తప్పనిసరి.

మొదటి రెండు మూడు సార్లు చిన్న మంటలే వేయండి. పెయింటు కాలి వాసన, పొగ వస్తాయి, కిటికీలు తీసి ఉంచండి. స్మోక్ అలారం మోగితే కంగారు పడొద్దు. కట్టెల్లో తేమ 20 శాతం లోపు ఉండాలి. తేమ మీటరు చవకే. కట్టెను చీల్చి కొత్తగా తెరుచుకున్న ముఖం మీద గుచ్చి చూడండి, పైపొర ఎండినట్టు కనిపించి మోసం చేస్తుంది. చిన్న స్టవ్ చాలిన చోట పెద్ద స్టవ్ కొని గాలి తగ్గించి సన్నగా మండించేవాళ్లు చాలామంది. చిమ్నీలో క్రియోసోట్ పట్టేది అలాంటి మంటకే.

శుభ్రం చేయడం కూడా ఇప్పుడే ఆలోచించండి

45 డిగ్రీల కప్పు ఎక్కి ఏటా చిమ్నీ తోమడం ఎవరివల్లా కాదు. అందుకే కింద నుంచే తోమేలా అమర్చమని మొదటి రోజే చెప్పండి. స్టవ్‌కూ సీలింగ్‌కూ మధ్య జరిగే పైపు ముక్క పెట్టిస్తే, స్క్రూలు తీసి పైకి నెట్టగానే దారి తెరుచుకుంటుంది. చిమ్నీ నిలువుగా ఉంటే బ్రష్‌కు కర్రలు ఒకదానికొకటి తగిలిస్తూ పోయి టోపీ దాకా చేర్చవచ్చు. మలుపులు వద్దన్నది ఇందుకు కూడా. తెరిచిన పైపు మూతికి ప్లాస్టిక్ సంచి కట్టుకోకపోతే మసి మొత్తం హాల్లోకి వస్తుంది.

లోపలి గోడ మీద మసి మూడు మిల్లీమీటర్లు దాటితే తోమాల్సిందే. మొదటి చలికాలంలో నెలకోసారి చూడండి. మీ కట్టెలు, మీ మంట తీరు తెలిసిపోతాయి, ఆ తర్వాత ఏడాదికోసారి నిపుణుడి తనిఖీతో పాటు ఎన్నిసార్లు తోమాలో మీకే లెక్క దొరుకుతుంది. టోపీ జాలీ మూసుకుపోయిందేమో వాకిట్లో నిలబడి బైనాక్యులర్‌తో చూసుకోవచ్చు. నల్లగా అట్టకట్టి కనిపించినా, ఉన్నట్టుండి స్టవ్ తలుపు తెరవగానే పొగ గదిలోకి వస్తున్నా, మంట ఆర్పి చిమ్నీవాళ్లకు ఫోన్ చేయండి.